అమ్మానాన్నలకూ ఒక మంచం

చిత్తూరు, కడప జిల్లాల వాళ్లు రాయవేలూరు ఆసుపత్రి అని పిలుచుకునే సీఎంసీకి, ఊరి అంచున బాగాయంలో మానసిక వైద్య కేంద్రం ఉంది. ఇక్కడ చేర్చుకునే రోగితో ఇంటివాళ్లలో ఒక్కరైనా ఉండితీరాలి. తీవ్రమైన మానసిక జబ్బు వచ్చిన పిల్లలకు వైద్యం జరిగేటప్పుడు కన్నవాళ్లు ఎక్కడుండాలన్న ప్రశ్నతో నేను అక్కడికి వెళ్లాను. వరండాలో టిఫిన్ క్యారియర్లు, ఆరేసిన తువ్వాళ్లు, తమిళం, బెంగాలీ, మధ్యమధ్య మన రాయలసీమ తెలుగు. ఒక తల్లి మాత్రల అట్ట వెనక బాల్‌పెన్నుతో ‘రాత్రి’ అని రాసి, పక్కనే చిన్న చంద్రవంక గీసుకుంటోంది, ఇంటికెళ్లాక చదువురాని అత్తగారు ఇచ్చినా పొరపాటు జరగకుండా. వైద్యంలో సగం ఆ అట్ట మీదే జరుగుతోందని నాకనిపించింది. ఆమె అక్కడున్నది కాపలాకు కాదు, నేర్చుకోవడానికి.

ఈ పద్ధతి మన దేశంలోనే పుట్టింది. 1950లలో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల కుటుంబాలను ఆవరణలో గుడారాలు వేయించి ఉంచారు. సిబ్బంది చాలక మొదలైన ఏర్పాటు అది. తమవాడు కళ్లెదుటే కోలుకోవడం చూసిన కుటుంబం అతన్ని భయపడకుండా ఇంటికి తీసుకెళ్లింది. వేలూరు దాన్నే పద్ధతిగా నిలబెట్టింది, 1963లో అమెరికా మనోవైద్య పత్రికలో ఆ అనుభవం వ్యాసంగా కూడా వచ్చింది. దాదాపు ఆ కాలంలోనే పాశ్చాత్య వైద్యం తల్లిని బోనులో నిలబెట్టింది. స్కిజోఫ్రీనియాకు తల్లి స్వభావమే మూలమన్న అర్థం వచ్చే మాటను ఫ్రీడా ఫ్రామ్-రైక్‌మన్ 1948లో రాసింది. ఆధారం లేని ఆ నింద పోవడానికి కొన్ని దశాబ్దాలు పట్టింది. మన ఊళ్లలో అది ఇంకా పోలేదు. గాలి సోకిందనే వాళ్లు ఒకవైపు, పెంపకం సరిగ్గా లేదనే వాళ్లు ఒకవైపు. రెండో మాట చదువుకున్నవాళ్ల నోట వస్తుంది కాబట్టి ఎక్కువ గుచ్చుకుంటుంది.

కుటుంబం వల్లే జబ్బు తిరగబెడుతుందని పరిశోధనలు చెప్పలేదా అని అడగవచ్చు. 1972లో లండన్‌లో బ్రౌన్, బర్లీ, వింగ్ గమనించింది అదే: ఎప్పుడూ తప్పులెన్నే ఇంట్లో, అతిగా చుట్టుకుపోయే ఇంట్లో ఉన్న రోగులకు జబ్బు ఎక్కువగా తిరగబెట్టింది. కానీ ఆ దారిలోనే సాగిన తర్వాతి పరిశోధనలు ఇంకొకటి కూడా చూపించాయి. ఇంటివాళ్లకు జబ్బు గురించి చెప్పి, మాట తీరు నేర్పితే తిరగబెట్టడం తగ్గుతుంది. అంటే కుటుంబాన్ని దూరం పెట్టమని కాదు, దానికి నేర్పమని. నిద్ర తగ్గడం మొదటి సూచన కావచ్చని తెలియాలి. ఎవరో తనను చంపడానికి వస్తున్నారని పిల్ల అంటే, అబద్ధమని వాదించకుండా, అవునని ఒప్పుకోకుండా, ఆ భయం దగ్గర కూర్చోవడం తెలియాలి. నయమైందనిపించగానే మాత్రలు మానేయకూడదని తెలియాలి. పది నిమిషాల ఓపీలో ఇవి ఎవరూ నేర్పలేరు.

ఎర్వాడి సంగతేమిటన్నది ఇంకా బరువైన ప్రశ్న. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఆ ఊళ్లో, మానసిక రోగులను ఉంచిన గుడిసెలో గొలుసులతో కట్టేసిన 28 మంది మంటల్లో కాలిపోయారు. వాళ్లలో చాలామందిని అక్కడ వదిలింది అయినవాళ్లే. దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఇల్లే హింసగా ఉన్న పిల్లలుంటారు, వాళ్ల మాట డాక్టరు విడిగా వినాలి. మైనరుకు ఉన్న సంరక్షకుడు పనికిరాడనుకుంటే మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు వేరొకరిని నియమించే వీలు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో ఉంది. అయితే ఎర్వాడికి తీసుకెళ్లిన వాళ్లందరూ ప్రేమ లేని వాళ్లని నేను నమ్మలేను. ఇంటికీ ఆ గుడిసెకూ మధ్య వాళ్లకు దొరికిందేమీ లేదు.

నన్ను నిజంగా ఆపేది కూలి లెక్క. పిల్లవాడి పక్కన వారాల తరబడి కూర్చునే తల్లికి పని పోతుంది, ఇంటి దగ్గర రెండో బిడ్డ పక్కింటివాళ్ల పాలవుతుంది. ఆసుపత్రిలో చేరిన మైనరుతో ప్రతినిధిగా ఉన్న సంరక్షకుడు గానీ ఆయన పెట్టిన సహాయకులు గానీ చివరిదాకా ఉండాలని అదే చట్టం 87వ సెక్షన్ అంటుంది. బాధ్యత పెట్టింది గానీ ఆ రోజుల కూలి ఎవరివ్వాలో చెప్పలేదు. వేలూరు పద్ధతి మన జిల్లా ఆసుపత్రులకు రావాలంటే ముందు తేలాల్సింది ఇదే, లేకపోతే అమ్మానాన్నలకు వేసే ఆ రెండో మంచం జీతం నష్టపోకుండా సెలవు పెట్టగలిగిన వాళ్లకే మిగులుతుంది. అలా డబ్బు ఇవ్వడం కొత్తేమీ కాదు: క్షయ రోగి తిండికి నిక్షయ్ పోషణ్ కింద నెలకు 1000 రూపాయలు నేరుగా బ్యాంకు ఖాతాలో వేస్తున్నారు. డబ్బు పంపే దారి ఉంది, కనీస వేతనం ఎంతో కార్మిక శాఖ దగ్గర ఉంది, వార్డులో హాజరు నర్సు రిజిస్టరులో ఉంది.