కొంగుముడి – చేతిఫోను

ప్రయాణమనిన మన పెద్దలు మూటలు గట్టుటతో నారంభించెడివారు. నేను ఫోనునకు విద్యుత్తు నింపుటతో నారంభింతును. హైదరాబాదులో భౌతికశాస్త్ర పరిశోధనము సేయుచున్న విద్యార్థినిని. నా ప్రయాణసామగ్రి యంతయు నఱచేతిలో నిముడును. టిక్కెట్టు దానిలోనే, ధనము దానిలోనే, చదువవలసిన పుస్తకములు, వేకువను లేపు గడియారము, దారి చూపు పటము, అన్నియు దానిలోనే. ఇంతటి సౌకర్యము మా అమ్మమ్మ యెఱుగదు గదా యని లోలోన గర్వించుచుండెడిదానను. ఆ గర్వము సంక్రాంతి సెలవులలో సికింద్రాబాదునుండి రాజమహేంద్రవరమునకు బోవు పగటిబండిలో నెట్లు దిగినదో మీకు విన్నవించెదను.

నా కెదుటి బల్లపై డెబ్బదియేండ్ల వృద్ధురా లొకతె కూర్చుండెను. ఒడిలో గుడ్డసంచి, ప్రక్కను మూతగిన్నె, చేతిలో మీటల ఫోను. నా ఫోనులోని పటముపై గదలుచున్న నీలపుచుక్కను జూచి యామె యడిగెను:

"ఏమ్మా, ఆ చుక్కేమిటి?"

"మనమేనండీ, మామ్మగారూ. బండి ఎక్కడ పోతోందో అది చూపిస్తుంది."

"అయితే పైనుంచి మనల్ని ఎవరో కనిపెట్టి చూస్తున్నారన్నమాట!"

ఈ యపోహ చదువుకొన్నవారిలోను గలదు. ఆకాశమున సుమారు 20,200 కిలోమీటర్ల యెత్తున దిరుగు నా యుపగ్రహములు మనలను జూడవు. మన మున్నట్లే వాని కెఱుక లేదు. "ఇప్పు డింత సమయమైనది, నే నిచ్చట నున్నాను" అని చాటుచుండుట మాత్రమే వాని పని. వినునది మన ఫోను. మెఱుపు మెఱసినపిదప నుఱుము వినవచ్చువఱకు లెక్కించి పిడు గెంతదూరమున బడినదో పెద్దలు చెప్పుదురు గదా! అట్లే, కనీసము నాలుగు ఉపగ్రహముల పిలుపు లెంత యాలస్యముగా జేరినవో లెక్కించి ఫోను తానున్న చోటు తెలిసికొనును.

ఇందొక చమత్కారము గలదు. అంత యెత్తున భూమి యాకర్షణము తక్కువ గనుక నచ్చటి గడియారములు వడిగా నడచును. ఉపగ్రహవేగముచే గొంచెము వెనుకబడును. రెంటిని గూడి తీసివేయగా, దినమునకు సెకనులో పదిలక్షలవ భాగములు సుమారు 38 ముందునకు బోవును. ఇది యెంత, ఆవగింజంత యనుకొందుము. కాని యంతలో కాంతి పదునొకండు కిలోమీటర్లు పోగలదు! అందుచే నా తేడాను ముందుగనే సవరించి పంపుదురు.

నే నిదంతయు నుత్సాహముతో వివరించితిని. మామ్మగారు శ్రద్ధగా విని, "ఉరుము లెక్కలాంటిదేనన్నమాట" అని తేల్చివేసెను. మూడేండ్లుగా నేను సభలలో జెప్పలేనిది యామె మూడుమాటలలో జెప్పినది.

విజయవాడ దాటినపిదప నా ఫోను కన్నుమూసెను. నేను భయపడలేదు. కిటికీప్రక్క విద్యుత్తు తీసికొను రంధ్రము చక్కగా బనిచేయుచునే యుండెను. కాని సంచిలోనుండి దీసిన తీగ మా తమ్ముని పాతఫోనుది. దాని మొన నా ఫోను నోట బట్టదు. అన్నము వండి, గిన్నెకు మూత రానట్లయినది నా పని.

అంతలో టీ యమ్మువాడు వచ్చెను. అలవాటుచొప్పున గ్లాసు తీసికొంటిని. ధనము చెల్లించుటకు వాని క్యానుపై నతికించిన నలుపుతెలుపుల గళ్ల చీటి నావైపు ద్రిప్పెను. 2016లో యూపీఐ వచ్చినప్పటినుండి క్రమముగా నాకు చిల్లర యుంచుకొను నలవాటు తప్పినది. బ్యాంకులో ధనమున్నను, పదిరూపాయల టీకి నేను దరిద్రురాలనైతిని. మామ్మగారు నవ్వి, కొంగుముడి విప్పి, పదిరూపాయలిచ్చెను.

ఇంతవఱకు నవ్వులాటయే. అటుపిమ్మట నవ్వు పోయినది. బండి రెండుగంట లాలస్యముగా నడచుచుండెను. మా అమ్మకు క్రిందటి నెలలోనే కంటికి శస్త్రచికిత్స జరిగినది. మసకచీకటిలో మెట్లు దిగుట కష్టము. అయినను "నేనే స్టేషనుకు వస్తాను" అని పట్టుపట్టి యుండెను. ఆలస్యమునుగూర్చి చెప్పుటకు బిలువబోవునప్పుడే ఫోను ఆగినది. ఆమె నాకు ఫోను చేయును, పలుకదు. ఇక నింట నిలుచునా?

నా మొగము జూచి మామ్మగారు తన మీటల ఫోను చేతికిచ్చెను. "నంబరు కొట్టు."

నా వ్రే ళ్లాడలేదు. కాంతివేగము సెకనుకు 29,97,92,458 మీటర్లని తొమ్మిదంకెలును నిద్రలో లేపినను చెప్పుదును. దినమునకు మూడుమార్లు మాటలాడు తల్లియొక్క పదియంకెలు నాకు రావు! 'అమ్మ' యను పేరు నొక్కుటయే గాని, ఆ పేరు వెనుకనున్న యంకె నేనెన్నడును జూచియుండలేదు.

"ఒక్కటైనా రాదా? చిన్నప్పటిదైనా?" అని యామె యడుగగా, ఎచ్చటినుండియో యొక పాట వలె నేడంకెలు నా నోటికి వచ్చెను. అది మా మేనమామగారింటి పాతఫోను సంఖ్య. 2003 గోదావరి పుష్కరములలో నాకు ఆఱేండ్లు. జనములో దప్పిపోదునేమో యని మా అమ్మమ్మ రెండవ యెక్కముతోపాటు దానిని వల్లెవేయించినది. ఎక్కము తప్పినను ఊరకుండెడిది, సంఖ్య తప్పిన ఊరకుండెడిది కాదు.

"ముందర సున్నా ఎనిమిది ఎనిమిది మూడు కొట్టు, అప్పుడే పోతుంది," అని మామ్మగారు రాజమహేంద్రవరపు సంకేతము నందించెను. గంట మ్రోగినది. తీయించివేయుమని యెందఱు చెప్పినను వినని మామయ్య, ఆ పాతఫోనును దీసి "హలో" యనగా నాకు గన్నీరు వచ్చెను. అమ్మ యప్పటికే చీరమార్చుకొని వాకిట నిలుచున్నదట. ఆయన యామెను గూర్చుండబెట్టి తానే స్టేషనునకు బయలుదేరెను.

సాయంకాలమునకు కొవ్వూరు వచ్చినది. పటము లేకయే మామ్మగారు, "అమ్మాయీ, గోదారి," అని లేచి నిలుచుండెను. 1997లో నిర్మాణము ముగిసిన కమానుల వంతెనపై బండి సాగుచుండెను. 1974లో వచ్చిన రోడ్డు-రైలు వంతెనయు, 1900లో దెఱువబడి 1997లో విశ్రాంతి గైకొన్న హేవలాకు వంతెనయు నదే నదిపై నున్నవి. పడమటి వెలుగులో నీరు రాగిచెంబు వలె మెఱయుచుండెను. బండిలోని వారు చిల్లర తీసి నదిలో వేయుచుండిరి. నా ఫోనులో వేయుటకు వీలైన నాణె మేదియు లేదు. మామ్మగారు మరల ముడి విప్పి రెండు రూపాయినాణెములు తీసి, యొకటి నా చేత బెట్టి, "ఇది అప్పు కాదులే," అనెను.

సోదరీమణులారా! యంత్రములను నిందించుటకు నే నిది వ్రాయలేదు. ఉపగ్రహములపై నా గౌరవ మిసుమంతయు దగ్గలేదు. కాని యిప్పుడు నా సంచిలో మూడు వస్తువులు చేరినవి: నాలుగు సంఖ్యలు వ్రాసిన చీటి, నూఱు రూపాయల చిల్లర, నా ఫోనుకు సరిపోవు తీగ. మీ పిల్లలకు మీ సంఖ్య నోటికి వచ్చునేమో యీ రాత్రి భోజనముల వేళ నొకమా ఱడిగి చూడుడు. అమ్మ సంఖ్య నాకిప్పుడు వచ్చును. ఎక్కమువలె జదివి యామెకే యప్పజెప్పితిని. చివరి రెండంకెలు తాఱుమాఱు చేసినందులకు మరల మొదటినుండి చెప్పించినది.