వడ్డికాసులవాని చిల్లర



మన మందిరపు హుండీ విప్పిన ప్రతిపర్యాయమును మాకు సంతోషముతోపాటు ఒక చింతయు కలుగుచున్నది. నోట్లను లెక్కించుట గడియసేపటి పని. చిల్లర లెక్కించుటకో ఒక సాయంకాలము చాలదు. ఉగాది దాటినను, అమ్మోరు పండుగ దాటినను సంచులు నిండుచునే యున్నవి.

ఇదివరలో ఆ సంచులను బ్యాంకునకు మోసికొనిపోయి యిచ్చెడివారము. ఇప్పుడు ఒక బ్యాంకువారు నాణెములు పుచ్చుకొనుటకు రుసుము కావలెననిరి. లెక్కించు మనిషికి వారును జీతమీయవలెను గదా. వారిపై మాకు కోపము లేదు. అయినను మనస్సొప్పలేదు. శ్రీనివాసుడు తన పెండ్లికై కుబేరునియొద్ద అప్పుచేసి నేటికిని వడ్డి కట్టుచున్నాడని మన పెద్దలు చెప్పుదురు. అందుచేతనే ఆయన వడ్డికాసులవాడైనాడు. ఆ వడ్డిసొమ్ముపై మరల రుసుమా!

కోరంగి రేవున ఓడలెక్కి ఈ మారిషస్ ద్వీపమునకు వచ్చిన మన తాతముత్తాతలకు చెరకుతోటలలో నెలకు 5 రూపాయలు జీతము. ఒక్క దినము పనికి రాకున్న రెండు దినముల కూలి కోసెడివారు. ఒప్పందపు కూలీల రాక 1910 లో నిలిచినది గాని, ఆ రెట్టింపు కోతమాట మా యింట ఇంకను వినబడుచునే యున్నది. అట్టి కూలిలోనుండి సెంటు మిగిల్చి పసుపుగుడ్డలో ముడుపు కట్టినవారి సంతతివారము మనము. ఒక ముసలమ్మ కన్నుల కద్దుకొని వేసిన 20 సెంట్లలో కొంత తరిగిపోవుట మాకు ఆ పాతకోతవలెనే తోచినది.

కావున చిల్లరను ఊరిలోనే మార్చుచున్నాము. అంగడివారికి, బజారులో కూరలమ్మువారికి, బస్సు కండక్టర్లకు చిల్లర నిత్యమును కావలెను. వారికి నాణెములిచ్చి అంతే విలువగల నోట్లు తీసికొనుచున్నాము. ఇచ్చువానికి నష్టము లేదు, పుచ్చుకొనువానికిని లేదు.

నాణెములను ముందు జాతులవారీగా వేరుచేయవలెను. ఏడంచుల 10 రూపాయలు చేతికే తెలియును. సెంట్లకు మంచి చూపు కావలెను. ఒక్కొక్క జాతిలో 100 నాణెములను ఇద్దరు వేరువేరుగా లెక్కించి త్రాసులో తూచినచో, తక్కిన పొట్లములను ఆ తూకముతో సరిచూడవచ్చును. పాతముద్రలును క్రొత్తముద్రలును కలిసినచో తూకము తప్పును. రాణిబొమ్మ గల పాతనాణెములను, యాత్రికులు వేసిన పరదేశపు నాణెములను వేరొక డబ్బాలో నుంచుచున్నాము. పసుపు, కొబ్బరినీళ్ళు అంటినవానిని మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టిన చాలును. చింతపండుతో తోమవలదు, ఇవి మన పూజాపాత్రలు కావు, పైపూత పోవును.

ఇచ్చట గృహస్థులకు ఒక మాట చెప్పవలసియున్నది. కొందరు సంవత్సరమంతయు పాలపొడి డబ్బాలో పడవేసిన చిల్లరను, బ్యాంకు రుసుము తప్పించుకొనుటకై, ఒక్కసారిగా హుండీలో కుమ్మరించుచున్నారు. భక్తితో వేసినది పిడికెడైనను మాకు శిరోధార్యము. వదిలించుకొనుటకు వేసినది మాత్రము ముడుపు కానేరదు. ఆ డబ్బానుండి దినమునకు గుప్పెడు తీసి రొట్టెకో, బస్సుకో ఇచ్చుచుండిన, కొన్ని నెలలలో అదియే ఖాళీయగును. అంగడివాడు విసుగుకొనకుండ ముందుగా లెక్కించి ఇయ్యవలెను.

5 సెంట్లు మాత్రము ఎవ్వరికిని వలదు. ఆ సంచిని సాయంకాలపు తెలుగు తరగతికి ఇచ్చితిమి. పిల్లలు అయిదు, పది, పదునైదు అని కుప్పలు పేర్చుచు అంకెలు నేర్చుకొనుచున్నారు. నూరు దాటినపిమ్మట తడబడుచున్నారు గాని, మునుపటికంటె మేలు.

చిల్లర కావలసిన అంగడివారు శనివారము సాయంకాలపు హారతి యైనపిమ్మట రావచ్చును. సంచి ఎవరిది వారే తెచ్చుకొనవలెను. మా సంచులన్నియు చినిగిపోయినవి.