పోసేవాడు

పోయిన ఏడు మా కాలేజీలో డిగ్రీ ముగించుకుని పై చదువుకు ఇంగ్లండు వెళ్ళిన కుర్రవాడొకడు ఈ మధ్య నాకు రాశాడు. చదువు వీసా మీద వెళ్ళినవాళ్ళు కాలేజీ నడిచే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పని చెయ్యగూడదు. ఆ ఇరవై గంటలూ అతనికి ఒక పబ్బులో దొరికినై. "మాస్టారూ, మీరు ఒకప్పుడు బార్లో పనిచేశారని విన్నాను. ముందు ఏం నేర్చుకోమంటారు? ఈ సంగతి మాత్రం మా ఇంట్లో తెలియనివ్వకండి," అన్నాడు.

ప్రశ్న కన్నా ఆ చివరి మాట నన్ను ఎక్కువ పట్టుకున్నది. ఏమంటే నేనూ మా ఇంట్లో తెలియనివ్వలేదు. అతనికి రాయబోయిన జవాబు పొడుగైపోయింది. పదిమందీ ఆలోచించదగినది అందులో కొంత ఉన్నదనిపించి ఇక్కడ రాస్తున్నాను.

మన సాహిత్యంలో తాగేవాడికి లోటు లేదు. తాగి పెళ్ళాన్ని కొట్టే రిక్షావాడున్నాడు, తాగి నిజాలు కక్కే జమీందారున్నాడు, తాగుడుకు బలి అయిన కళాకారుడున్నాడు. ఏడ్చే ఇల్లాలు ఉండనే ఉన్నది. గ్లాసులో పోసిన మనిషి మాత్రం కనపడడు. "కన్యాశుల్కం"లో సారా దుకాణం ఉన్నదిగదా అనవచ్చు. ఉన్నది, దుకాణదారూ ఉన్నాడు. కాని దుకాణదారు వేరు, దుకాణదారు దగ్గిర జీతానికి పోసేవాడు వేరు. మిల్లులోనో గనిలోనో పనిచేసేవాణ్ణి శ్రామికుడని ఒప్పుకోవడానికి మనకు ఏ అభ్యంతరమూ లేదు. బార్లో పనిచేసేవాడి దగ్గిరకొచ్చేసరికి మన అభ్యుదయ దృష్టికి మధ్యతరగతి మర్యాద కాస్త అడ్డం వస్తుంది. వాడు పాపంలో వాటాదారు అనుకుంటాం. అందులో కొంత నిజం లేకపోలేదు. ఆ వాటా ఎంతో తేల్చుకోవడానికి నాకు కొన్నేళ్ళు పట్టింది.

మాది నెల్లూరు జిల్లాలో ఒక మెట్ట గ్రామం. 1992లో మా అమ్మ అక్షరదీపం రాత్రి బడికి పోయేది. దూబగుంటలో ఆడవాళ్ళు సారా కొట్టు మూయించిన వార్త మా ఊరికీ పాకింది. ఒకనాటి పొద్దున అమ్మా, మరో పాతికమందీ కలిసి జీపులోంచి దిగుతున్న సారా ప్యాకెట్ల బస్తాలు లాక్కుని నడిరోడ్డు మీద కుప్పపోసి తగలబెట్టారు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ మంట రంగు కంటే ఆ వాసన ఎక్కువ గుర్తు. 1993 ఏప్రిల్లో మా జిల్లాలోనూ, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు. 1995 జనవరిలో మొత్తం మద్యనిషేధమే వచ్చింది. 1997లో దాన్ని ఎత్తేశారు. సారా పోయిన చోటికి బ్రాందీ వచ్చింది. మా నాన్న సారా మానగలిగాడు గాని బ్రాందీ మానలేకపోయాడు. 2002లో కాలేయం చెడి చనిపోయాడు.

ప్రభుత్వానికి రాబడి కావలసి వచ్చినట్టే మా ఇంటికీ కావలసి వచ్చింది. బీకాం మధ్యలో మాని 2003లో సికిందరాబాదు చేరాను. మా ఊరివాడొకడు స్టేషను దగ్గిర ఒక బార్ అండ్ రెస్టారెంటులో పెట్టించాడు. అమ్మతో "హోటల్లో పని" అన్నాను. అబద్ధం కాదు, బోర్డు మీద రెస్టారెంటు అనే మాట కూడా ఉన్నదిగదా!

మొదటి నాలుగు నెలలూ గ్లాసులు కడిగాను. ఇది శిక్ష కాదనీ, విద్యలో మొదటి పాఠమనీ చెప్పినవాడు మా కౌంటర్లో పెద్దవాడు. నేను అన్నా అనేవాణ్ణి. నల్లగొండ వైపు మనిషి, గీత కార్మికుడి కొడుకు. "తమ్మీ, గ్లాసు కడుగుడు రానోనికి పోసుడు రాదు," అనేవాడు. నిజమే. గ్లాసుకు జిడ్డు ఉంటే బీరు నురుగు నిలవదు, పోసిన నిమిషంలో చచ్చిపోతుంది. శుభ్రమైన గ్లాసును తడిపితే నీళ్ళు పల్చటి పొరలాగా జారిపోతై. జిడ్డు గ్లాసు మీద బొట్లుబొట్లుగా అంటుకుంటై. ఐసు తొట్టిలో గ్లాసు ముంచి ఐసు తియ్యగూడదు. గ్లాసు అంచు విరిగితే ఐసుకూ గాజుకూ తేడా కంటికి తెలియదు. తొట్టి మొత్తం పారబొయ్యవలసిందే. బీరు పోసేటప్పుడు గ్లాసు ఏటవాలుగా పట్టి, ముప్పాతిక నిండాక నిటారుగా నిలబెడితే పైన వేలెడు నురుగు కడుతుంది. ఇవన్నీ ఎవరూ పుస్తకంలో చూపించలేదు. చెయ్యి తప్పినప్పుడల్లా అన్న నాలిక చప్పరించేవాడు, అంతే.

కాక్‌టెయిళ్ళు కలపడం చాలాకాలం తరువాత ఒక పెద్ద హోటల్లో నేర్చుకున్నాను. పండ్లరసమో మీగడో పడినదాన్ని మూత బిగించి గిలక్కొట్టాలి. ఒట్టి మద్యాలైతే పొడుగు చెంచాతో తిప్పితే చాలు. ఐసు చల్లబరచడమే కాదు, కరిగి నీళ్ళు కలుపుతుంది. ఆ నీళ్ళూ పానీయంలో భాగమే. పెద్ద ముక్కకు పరిమాణం మీద పైతలం తక్కువ గనక నిదానంగా కరుగుతుంది. అమెరికాలో జెర్రీ థామస్ అనే అతను 1862లోనే ఈ విద్య మీద పుస్తకం అచ్చు వేయించాడు. పుస్తకం ఉన్నది గనక అక్కడ అది విద్య. మా అన్నకు తెలిసింది ఎవరూ రాయలేదు గనక ఇక్కడ అది చాకిరీ.

సికిందరాబాదు బార్లో ఎవరూ కాక్‌టెయిలు అడగరు. విస్కీ, రమ్ము, బ్రాందీ. సోడా లేదా నీళ్ళు. అందుచేత అక్కడి విద్య అంతా కొలతలో ఉన్నది. ఫుల్ బాటిలు 750 మిల్లీలీటర్లు. చిన్న పెగ్గు 30. అంటే సీసాకు 25 పెగ్గులు. మా యజమాని 27 రావాలనేవాడు. ఆ రెండు పెగ్గులూ ఎక్కణ్ణించి రావాలి? పెగ్గుకు రెండు మిల్లీలీటర్ల పైచిలుకు తగ్గిస్తే వస్తై. కొలత గిన్నె నిండకముందే వంచడం, ముందే గ్లాసు నిండా ఐసు వేసి మట్టం తెలియకుండా చెయ్యడం, పద్ధతులు చాలా ఉన్నై. సీసాకు 25 కూడా రాకపోతే, ఒలికితే, గ్లాసు పగిలితే, మా జీతంలో కోత. బల్లల మీద వదిలిన టిప్పులు డబ్బాలో వెయ్యాలి; సగం మేనేజరుది. పగలు పదకొండింటికి మొదలైన పని అర్ధరాత్రి దాటేదాకా ఉండేది. మూసిన తరువాత అవే బల్లలు కలుపుకుని వాటిమీదే పడుకునేవాళ్ళం.

"పెట్టుబడి" మొదటి సంపుటంలో పని దినం గురించిన అధ్యాయం చదివినప్పుడు, లండన్ రొట్టె బట్టీల దగ్గిర నేను చాలాసేపు ఆగిపోయాను. రొట్టెలో పటిక కలిపే సంగతీ, రాత్రంతా మేలుకుని ఆ పిండి పిసికే కూలివాడి సంగతీ మార్క్స్ ఒకే చోట పెట్టాడు. కల్తీ ఒకచోటా, అధిక శ్రమ మరొకచోటా ఉండవు. కల్లు దుకాణాల్లో క్లోరల్ హైడ్రేటూ అల్ప్రాజోలమూ పట్టుబడ్డ వార్తలు చదివినప్పుడల్లా నాకు ఆ కలిపిన చెయ్యి ఎవరిదా, దానికి రోజుకెంత ఇచ్చారా అనిపిస్తుంది.

అన్న నాకు ఒక కిటుకు చెప్పాడు. "మొదటి పెగ్గు నిండుగ పొయ్యి. మూడోది వానికి దెల్వదు." అట్లాగే చేశాను. రెండేళ్ళు చేశాను. పైగా మూడో పెగ్గు తగ్గిస్తే తాగేవాడి ఆరోగ్యానికి మంచిదేగదా అని నన్ను నేను సమర్థించుకున్నాను కూడా! దొంగతనానికి ఇంత చక్కని వైద్య కారణం మరెక్కడా దొరకదు.

2005లో అమ్మ కళ్ళు చూపించుకోవడానికి సికిందరాబాదు వచ్చింది. స్టేషనుకు రావద్దన్నది, ఊరివాణ్ణి వెంటబెట్టుకుని తిన్నగా నేను పనిచేసే చోటికే వచ్చింది. సాయంత్రం నాలుగు గంటలు. గుమ్మంలో నిలబడి సీసాల అరలు పై నించి కింద దాకా చూసింది. అల్లరి చెయ్యలేదు. వంటింట్లోకి తీసుకుపోయి కూచోబెట్టి టీ ఇచ్చాను. చాలాసేపటికి అడిగింది:

"దినానికి ఎంతమందికి పోస్తావు అబ్బయా?"

"నూరూ నూటయాభై మంది."

"వాళ్ళు ఇండ్లకు పోయినాక ఏం జరగతాదో తెలుసా నీకు?"

"తెలుసు."

"ఎట్టా తెలుసు?"

"మనింట్లో చూశాను గదమ్మా."

అమ్మ టీ తాగేసింది. గ్లాసు కింద పెట్టి, "అట్టయితే చూసి పొయ్యి," అన్నది. మర్నాడు కళ్ళద్దాలు రాయించుకుని వెళ్ళిపోయింది. నా డబ్బు వద్దనలేదు. ఆ ఏడే మా ఇంటికి రేకులు మార్పించింది. పాపపు డబ్బు మాకు వద్దని తల్లులు విసిరికొట్టడం కథల్లో చదివాను. వానకు కారే ఇంట్లో ఎవరూ విసిరికొట్టగా చూడలేదు.

చూసి పొయ్యడమంటే ఏమిటో నిదానంగా తెలిసింది. మన దేశంలో అమ్మే విస్కీ, బ్రాందీలలో మామూలుగా నూటికి 42.8 పాళ్ళు ఆల్కహాలు. 30 మిల్లీలీటర్ల పెగ్గులో సుమారు పది గ్రాములుంటుంది. ఒక పెగ్గు విరగడానికి కాలేయానికి గంటో, ఇంకా ఎక్కువో కావాలి. నిమ్మరసమూ, కాఫీ, చన్నీళ్ళ స్నానమూ ఆ గంటను ఒక్క నిమిషం తగ్గించవు. గంటలో నాలుగు పెద్ద పెగ్గులు తాగినవాడు ఎనిమిది గంటల పని కాలేయానికి అప్పజెప్పాడన్నమాట. నూరు మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే బండి నడపడం నేరం. చాలామంది రెండో పెద్ద పెగ్గుతోనే ఆ గీత దాటుతారు. అందుచేత మంచి పోసేవాడు బిల్లు లెక్క ఒకటీ, గంటల లెక్క ఒకటీ, రెండు లెక్కలు బుర్రలో ఉంచుకుంటాడు. మనిషి ముఖం కాదు, చిల్లర ఏరుకునే వేళ్ళు చూడాలి. చెప్పిందే రెండోసారి చెబుతున్నాడా వినాలి. అప్పుడు పెగ్గుకంటే ముందు నీళ్ళు పెట్టాలి, తినడానికి తెమ్మంటారా అని అడగాలి, ఐసు అయిపోయిందని పది నిమిషాలు జాగు చెయ్యాలి, అడక్కముందే బిల్లు పెట్టాలి. ఇవన్నీ యజమాని నేర్పేదానికి సరిగ్గా ఎదురు. ఉప్పు వేసిన పల్లీలు ఉచితంగా ఎందుకు పెడతారనుకున్నారు? దాహానికి.

2007 జూన్‌లో ఒక మొదటి తారీకున, రోజూ వచ్చే గుమాస్తా ఒకాయన అయిదో పెద్ద పెగ్గు అడిగాడు. పక్క కుర్చీలో కొత్త స్కూలు యూనిఫారం పొట్లం ఉన్నది. స్కూటరు తాళాలు కౌంటరు మీద ఉన్నై. "ఈ పూటకు చాలు సార్, రేపు రండి," అన్నాను. "నువ్వెవడివిరా?" అన్నాడు. ఆ ప్రశ్నకు నా దగ్గిర సమాధానం లేదు. యజమాని పొయ్యమన్నాడు. నేను పొయ్యలేదు. ఆయన లేచి, పొట్లం చంకన పెట్టుకుని, రోడ్డు దాటి ఎదుటి బారులోకి వెళ్ళిపోయాడు. తాళాలు నా దగ్గిరే ఉండిపోయినై. అర్ధరాత్రికి తూలుకుంటూ వస్తే తాళాలివ్వక ఆటో ఎక్కించాను. మర్నాడు వచ్చి నా ముఖం చూడకుండా తాళాలు తీసుకున్నాడు. మళ్ళీ మా బారుకు రాలేదు. ఆయన మానేసిన బిల్లు నా జీతంలోంచి విరిచారు. అన్న అన్నాడు, "మనకొక గిరాకి పాయె. ఆయనకొక పెగ్గు గూడ తగ్గలె."

ఇది అమ్మకు ఫోనులో చెప్పాను. మెచ్చుకుంటుందనే అనుకున్నాను. అమ్మ అడిగింది ఒకటే: "ఆ ఎదురు అంగట్లో పోసేవాడెవురు? వాడితో మాట్టాడినావా?"

మాట్లాడలేదు. తరువాత మాట్లాడాను. ఆ వీధిలో నాలుగు బార్లలో పోసేవాళ్ళం పదకొండుమంది రాత్రి ఒంటిగంటకు టీ బండి దగ్గిర కలుసుకోవడం మొదలుపెట్టాం. పగిలిన గ్లాసుకు కోత ఉండగూడదని అందరం ఒక్కసారే అడిగాం. నెల రోజులు గొణిగి ఒప్పుకున్నారు. కొలత దగ్గిర మాత్రం కుదరలేదు. 27లో ఆ రెండు పెగ్గుల డబ్బులో మాలో ముగ్గురికి కొంచెం వాటా అందుతున్నదని అప్పుడే బయటపడింది. అన్న ఆ ముగ్గురిలో ఒకడు. ఆయన పిల్లకు ఆ ఏడు ఇంటర్మీడియెట్ ఫీజు ఆ డబ్బే. ఆయనమీద నాకు కోపం రాలేదనను, చాలాకాలం ఉన్నది. మిగిలిన ఎనిమిదిమందిమీ నిండుగా పోశాం. ఏడాది తిరక్కుండా మాలో నలుగురికి పని పోయింది, నాతో సహా.

ఇంగ్లండులో జిన్ను, రమ్ము, వోడ్కా, విస్కీ 25 గాని 35 గాని మిల్లీలీటర్ల కొలతలో పొయ్యాలి. ఏ కొలతో బోర్డు మీద రాసిపెట్టాలి. తాగి ఒళ్ళు తెలియనివాడికి తెలిసీ అమ్మడం అక్కడ 2003 చట్టం ప్రకారం నేరం. యజమానే కాదు, కౌంటర్లో పోసినవాడూ దోషే. ఆ చట్టం కింద కోర్టుదాకా వెళ్ళేవి బహు తక్కువట. అయినా "నువ్వెవడివి" అన్నప్పుడు చూపించడానికి అతనికి ఒక కాగితం ఉన్నది. అట్లాంటి కాగితం సంగతి నాకు తెలియదు.

కుర్రవాడికి చివరికి నాలుగే సంగతులు రాశాను. మొదటి వారం గ్లాసులు కడిగే పని అడిగి తీసుకో. మీ పబ్బులో కొలత 25యో 35యో బోర్డు చూసి, గిన్నెలో నీళ్ళు పోసి సరిచూడు. రాత్రి లెక్కలో డబ్బు తక్కువైతే ఎవరు పెట్టుకోవాలో పక్కన పనిచేసేవాణ్ణి అడుగు, మేనేజరును కాదు. ఇంటికి నువ్వే రాయి. నేను చెప్పను గాని, ఎవరో ఒకరు చెబుతారు.

ఇంకా జవాబు రాలేదు. శుక్ర, శనివారాల్లో అక్కడ రద్దీ ఎక్కువట.