కోల్ట్రేన్ ప్రార్థన

రాత్రి నుంచీ జాజ్ శాక్సోఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్‌నే వింటున్నాను. 1957లో మత్తుమందుల నుంచి బయటపడ్డాడాయన. ఆ కృతజ్ఞతంతా 1964 డిసెంబరులో ‘ఎ లవ్ సుప్రీమ్’ ఆల్బమ్ అయింది. అందులో చివరి భాగం తప్పకుండా వినండి. దేవుడికి తానే రాసుకున్న ప్రార్థనను నోటితో చదవడు, మాట తర్వాత మాటగా శాక్సోఫోన్‌లో పలికిస్తాడు. ఆ ప్రార్థన ఆల్బమ్ అట్ట మీదే అచ్చయింది. అది ఎదురుగా పెట్టుకుని వింటే ప్రతి విరుపూ తెలుస్తుంది. మన నాదస్వరంలో కీర్తన సాహిత్యం వినబడుతుందే, అచ్చం అలా. నాకైతే కళ్లు చెమర్చాయి.

మన సితార్ విద్వాంసుడు రవిశంకర్ మీద గౌరవంతో కోల్ట్రేన్ తన కొడుక్కి రవి అని పేరు పెట్టుకున్నాడు. ఆ పిల్లాడికి రెండేళ్లు నిండకముందే, 1967 జులైలో, కోల్ట్రేన్ కాలేయ క్యాన్సర్‌తో పోయాడు. 40 ఏళ్లే, పాపం! రవి కూడా పెద్దయ్యాక శాక్సోఫోనే పట్టుకున్నాడు.