జలగండం జమాఖర్చు

మా వదిన జాతకంలో జలగండం ఉంది. వదిన అంటే మా ఆవిడకి అక్క. శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డున ఒక పల్లెలో పుట్టింది. ఆరేళ్ల వయసులో ఊరి సిద్ధాంతిగారు చక్రం వేసి, "ఈ పిల్లని నీళ్ల దగ్గరికి పోనివ్వకండి" అన్నారట. ఆ ఒక్క మాట ఖరీదెంతో లెక్క వేద్దామని ఈ వ్యాసం మొదలుపెట్టాను. రక్షణ శాఖ లెక్కల విభాగంలో ముప్ఫై నాలుగేళ్లు చేసి రిటైరైన బి.కాం. వాణ్ణి. ఏదైనా జమ, ఖర్చు అని రెండు గళ్లలో రాసుకుంటే తప్ప నా బుర్రకెక్కదు.

ముందు ఖర్చు రాద్దాం. ఏటి ఒడ్డున పుట్టిన మనిషి ఏట్లో మునిగి స్నానం చేసి ఎరగదు. ఈత రాదు. పెళ్లయి భిలాయి వచ్చాక, అందరూ మైత్రీబాగ్‌లో పడవెక్కితే ఈవిడ గట్టు మీద చెప్పులకి కాపలా. 2011లో అన్నగారు పోయారు. స్టీల్ ప్లాంటు ప్లేట్ మిల్లులో పనిచేసిన మనిషి. అస్థికలు గోదావరిలో కలపడానికి రాజమండ్రి వెళ్తుంటే వదిన కూడా వచ్చింది. తీరా రేవుకి బయలుదేరే వేళకి, "గండం ఉన్నదానివి, నీకెందుకు" అని సత్రం గదిలో కూర్చోబెట్టేశారు. ముప్ఫై ఏడేళ్లు కాపురం చేసిన భర్తకి వీడ్కోలు చెప్పే చోట ఆమెకి నిలబడే వీలు లేకపోయింది. ఈ ఖర్చు ఏ సిద్ధాంతి చిట్టాలోనూ ఎక్కలేదు.

2022 జూన్‌లో చెన్నై నుంచి విశాఖకి మొదటిసారి ఒక విహార నౌక వచ్చింది. కార్డీలియా వారి 'ఎంప్రెస్'. చెన్నైలో ఉద్యోగం చేస్తున్న వదిన కొడుకు మా అందరికీ టికెట్లు కొన్నాడు. దుర్గ్‌లో సమతా ఎక్కి విశాఖ, అక్కణ్ణుంచి ఓడలో చెన్నై. అమ్మకి సముద్రం చూపించాలని వాడి కోరిక.

ఆ వార్త బంధువుల్లో పాకగానే ఫోన్లు మోగాయి. విజయనగరం నుంచి మా బావగారు, అంటే వదినకి అన్నయ్య, "గండం నెత్తిన పెట్టుకుని సముద్రం మీదికా? కచ్చులూరు మరిచిపోయారా?" అన్నారు.

మరిచిపోలేదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడ్డానికి బయలుదేరిన పడవ కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగింది. అందులో 77 మంది. బయటపడినవాళ్లు 26 మంది. నేను బావగారిని ఒకటే అడిగాను: "మిగిలిన వాళ్లందరి జాతకాల్లోనూ జలగండం ఉందంటారా? ఉంటే ముందురోజు ఎవరూ చెప్పలేదేం?" ఆయన దగ్గర జవాబు లేదు. ఆ రోజు గోదావరి వరద మీద ఉంది. అడగాల్సింది వరద మట్టం గురించి, లైఫ్ జాకెట్ల గురించి, పడవని ఎవరు వదిలారన్న దాని గురించి. గ్రహాల మీదికి నెట్టేస్తే ఈ ప్రశ్నలు అడిగే పని తప్పుతుంది.

ఇంకొకాయన సముద్రయానం శాస్త్ర విరుద్ధమన్నారు. నిజమే, బౌధాయన ధర్మసూత్రం దాన్ని పతనహేతువుల్లో లెక్కించింది. 1888లో గాంధీగారు లండన్ ఓడ ఎక్కబోతుంటే కులపెద్దలు వెలివేసింది కూడా అందుకే. మరి ఇప్పుడు ఇంటికొకరు అమెరికాలో ఉంటే ఏ పెద్దమనిషీ ప్రాయశ్చిత్తం అడగడేం? డాలర్లు రావడం మొదలయ్యాక ఆ సూత్రం ఎవరికీ గుర్తు లేదు.

చివరికి రాజీ మార్గంగా ఒక జ్యోతిష్కుడు శాంతి చెప్పాడు. జపం, హోమం, దానం కలిపి రూ. 11,116. నేను నోరెత్తలేదు. నిర్ణయం వదినది. ఆవిడ కాసేపు ఆలోచించి, "మరిది గారూ, పదకొండు వేలతో పోయే గండమైతే అరవై ఏళ్ల కిందటే మా నాన్నకి చెప్పొచ్చుగా? పొలం అమ్మైనా కట్టేవాడు" అంది. "నేను వస్తాను. శాంతి వద్దు" అని కూడా అంది. ఆ రాత్రి ఆవిడ నిద్రపోలేదని మా ఆవిడ తరవాత చెప్పింది. భయం లేక బయలుదేరిన మనిషి కాదు.

ఓడ ఎక్కాక మాకు ముందుగా నేర్పింది, ఓడ మునిగితే ఎలా దిగాలన్నది. ప్రమాద హెచ్చరిక ఎలా మోగుతుంది, ఏ డెక్కు మీద ఎక్కడ గుమిగూడాలి, జాకెట్టు ఎలా కట్టుకోవాలి, మన లైఫ్ బోటు ఏది. ఇంట్లో బయలుదేరేటప్పుడు "మునిగితే" అని ఎవరైనా అంటే నోరు మూయిస్తాం, అపశకునమని. ఇక్కడ ఆ మాటతోనే ప్రయాణం మొదలు. నారింజ రంగు జాకెట్టు చీర మీద కట్టుకుని వదిన చాలా శ్రద్ధగా విని, తరవాత బోట్లు కూడా లెక్కపెట్టుకుంది.

ఈ పద్ధతి ఎవరికీ కల్లో కనపడలేదు. 1912 ఏప్రిల్‌లో టైటానిక్ మునిగినప్పుడు అందులో సుమారు 2,200 మంది ఉన్నారు, లైఫ్ బోట్లలో చోటు 1,178 మందికే. 1,500 మందికి పైగా పోయారు. 1914లో పలు దేశాలు లండన్‌లో కూర్చుని సముద్ర భద్రత ఒప్పందం రాసుకున్నాయి: అందరికీ సరిపడా బోట్లు ఉండాలి, రేడియో దగ్గర రాత్రింబవళ్లు మనిషి ఉండాలి. వందేళ్ల తరవాత 2012 జనవరిలో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా రాతికి కొట్టుకుని 32 మంది చనిపోయారు. అప్పటిదాకా ఓడ బయలుదేరిన 24 గంటల్లోపు డ్రిల్లు చేస్తే చాలు. ఆ ఓడలో అదే రోజు ఎక్కినవాళ్లకి డ్రిల్లు కానేలేదు. దాంతో బయలుదేరే ముందో, బయలుదేరగానే వెంటనో చేసి తీరాలని 2015 నుంచి నిబంధన మారింది. జరిగిన నష్టం రాసుకున్నారు, కారణం వెతికారు, సవరించారు. మా ఆఫీసు భాషలో దీన్ని ఆడిట్ అభ్యంతరానికి సమాధానం ఇవ్వడం అంటారు.

రాత్రి డెక్కు మీద వదిన అడిగింది: "ఈ ఇనుం ఆయన చేసిందేనా?" కాదు, ఈ ఓడ 1990లో ఫ్రాన్స్‌లో కట్టింది. కానీ కొచ్చిలో తయారైన విక్రాంత్ యుద్ధనౌకకి ఉక్కు ఇచ్చిన ప్లాంట్లలో మన భిలాయి ఒకటి అని చెప్పాను. ఉక్కు ముద్ద మునుగుతుంది. అదే ఉక్కుని ప్లేటుగా సాగదీసి డొల్లగా కడితే, తన బరువంత నీటిని పక్కకి తోసి తేలుతుంది. "ఆయన ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు" అని చాలాసేపు సముద్రం వైపు చూస్తూ ఉండిపోయింది. మర్నాడు పొద్దున్న మనవరాలి పక్కన ఈతకొలను గట్టు మీద కూర్చుని నీళ్లలో కాళ్లు పెట్టుకుంది. గంటసేపు తియ్యలేదు.

క్షేమంగా చెన్నైలో దిగాం. బావగారు ఫోన్ చేసి, "మీకు చెప్పకుండా ఇక్కడ నేనే హోమం చేయించాను. లేకపోతేనా!" అన్నారు.

మిత్రులారా, ఈ చిట్టా ఒకసారి చూడండి. వదిన వెళ్లకపోతే జాతకం కాపాడినట్టు. వెళ్లి తిరిగొస్తే హోమం కాపాడినట్టు. మునిగిపోతే సిద్ధాంతి నిజం చెప్పినట్టు. ఏం జరిగినా జమే. ఖర్చు గడి లేని పుస్తకాన్ని ఏ ఆడిటరూ ఒప్పుకోడు. అలాగని మా ప్రయాణం క్షేమంగా సాగింది కాబట్టి జలగండం అబద్ధమని తేలిపోయిందని మనం కూడా అనకూడదు. ఒక్క ఓడ ప్రయాణం దేన్నీ రుజువు చేయదు. జోస్యం చెప్పేవాణ్ణి అడగాల్సింది ఒకటే: "ఏం జరిగితే మీ మాట తప్పని ఒప్పుకుంటారో ముందే రాసిస్తారా?" రాసివ్వనప్పుడు అది జోస్యమెలా అవుతుంది?

ఇంకో సంగతి. నీళ్ల దగ్గరికి పోనివ్వని పిల్లకి ఈత రాదు. ఈత రాని మనిషికే నీళ్లలో ఎక్కువ ప్రమాదం. తప్పిస్తామన్న గండాన్ని ఆ జాతకమే అరవై ఏళ్లు పెంచి పోషించింది.

ఈమధ్య ఇంట్లో మనవడికి జాతకం రాయించాలనే మాట వచ్చింది. వదిన అడ్డు చెప్పలేదు. "రాయించుకోండి. అందులో నీళ్ల మాట ఏదైనా ఉంటే ఆ కాగితం మాత్రం నాకిచ్చెయ్యండి. వాడికి ఈత నేర్పించే ఫీజు నేను కడతాను" అంది.