మడికి పేరుండకూడదు

వరిలో సంకరణం చేసి, ఆరేడు తరాల పాటు మొక్క మొక్కా చూసి ఏరుకున్నాక, ఆ వంగడం మీద మమకారం పుట్టకుండా ఉండదు. పొలంలో దిగగానే కళ్లు ఆ మడి వైపే పోతాయి. దాని కంకులే బరువుగా కనిపిస్తాయి, పక్క మడిలో తాలు ఎక్కువగా కనిపిస్తుంది. ఆ మమకారం లేనిదే ఇన్నేళ్లు బురదలో నిలబడలేం. కానీ ఆ విత్తనం రైతుకు ఇవ్వాలో వద్దో తేల్చేటప్పుడు ఆ మమకారానికి ఓటు ఉండకూడదు.

అందుకే ఆ తీర్పు మా ఒక్కరి చేతిలో ఉండదు. 1965లో మొదలై, హైదరాబాదు రాజేంద్రనగర్ నుంచి నడుస్తున్న అఖిల భారత సమన్వయ వరి పరిశోధనలో వంగడం పేరుతో కాక ఐ.ఇ.టి. (తొలి మూల్యాంకన పరీక్ష) నంబరుతో వెళ్తుంది. వేరే రాష్ట్రాల్లో వేరేవాళ్లు దాన్ని నాటి, కోసి, తూస్తారు. పక్కనే ప్రామాణిక రకాలుంటాయి. ఏ మడిలో ఏది పడాలో చీటీలు తీసినట్టే నిర్ణయిస్తారు కాబట్టి, సారమున్న మడి నాకు నచ్చినదానికే దక్కదు.

అసలు కష్టం అంకెలు చేతికొచ్చాక. దిగుబడి తగ్గిందంటే కారణాలు వెంటనే తోస్తాయి: అక్కడ నాట్లు ఆలస్యమయ్యాయి, పిట్టలు తినేశాయి, నీళ్లు నిలిచాయి. అవి నిజమే కావచ్చు. అప్పుడు నన్ను నేను అడుగుతాను: ఇదే కారణం చెబితే పక్క పరిశోధన స్టేషన్ వాళ్ల వంగడాన్నీ మన్నిస్తానా? మన్నించనంటే నేను పరిశోధన మానేసి వకాల్తా పుచ్చుకున్నట్టే.

ఏం జరిగితే ఈ వంగడాన్ని వదిలేస్తానో నాట్లకు ముందే నోట్‌బుక్‌లో రాస్తాను: అగ్గితెగులు స్కోరు ఎంత దాటితే, చేను ఏ దశలో పడిపోతే. కోతలయ్యాక రాస్తే ఆ హద్దు మనకు తెలియకుండానే జరుగుతుంది.

లోపాన్ని ఒప్పుకోవడమంటే ప్రతిసారీ వంగడాన్ని వదిలేయడమే కాదు. బాపట్ల సాంబమసూరి అన్నం గురించి ఎవరికీ పేచీ లేదు. 1986లో విడుదలైన ఆ రకం ఎండాకు తెగులుకు తట్టుకోలేదు. ఆ లోపాన్ని లోపంగానే చూశారు కనుకే, హైదరాబాదు శాస్త్రవేత్తలు తెగులును అడ్డుకునే మూడు జన్యువులను అందులోకి తెచ్చారు. మెరుగైన సాంబమసూరి 2008లో విడుదలైంది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలూ, మీ వంగడం లోపాన్ని నివేదిక మొదటి పేజీలోనే రాయండి. రైతు తన చేలో చూసి తెలుసుకునేలోపే అది మీ నోట వినాలి.