బరువు సామానుకు ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసే మేలు

బీరువా, గ్రైండరు, కుట్టుమిషను లాంటివి హైదరాబాద్ నుంచి ఢిల్లీకో కోల్‌కతాకో పంపాలంటే చాలామంది ముందు కొరియర్‌కే ఫోన్ చేస్తారు. రేటు విని, సామాను అయినకాడికి అమ్మేస్తారు. ఆ తొందర వద్దంటాను. కొరియర్ వాళ్లు కాటా బరువొక్కటే చూడరు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి సాధారణంగా 5000తో భాగిస్తారు. అలా వచ్చిన కిలోలు కాటా బరువు కన్నా ఎక్కువైతే వాటికే రేటు కడతారు. 100, 60, 50 సెంటీమీటర్ల పెట్టెలో 20 కిలోల సామానే ఉన్నా 60 కిలోలకు డబ్బు కట్టాల్సిందే. పైగా ఇంటికొచ్చి తీసుకెళ్లడం, అవతల ఇంటికి చేర్చడం. ఈ రెండు కొసల ఖర్చూ తక్కువేం కాదు. పార్ట్ లోడ్, అంటే లారీ నిండా కాకుండా కొద్ది సరుకు కూడా తీసుకునే ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో గోడౌన్ నుంచి గోడౌన్‌కు బుక్ చేస్తే అక్కడా ఇక్కడా ఆటో ట్రాలీ కిరాయితో పోతుంది. రైల్వే పార్సిలూ అంతే, స్టేషన్ నుంచి స్టేషన్‌కు. బైకైతే ఆర్‌సీ నకలు, గుర్తింపు కార్డు కావాలి, ట్యాంకులో పెట్రోలు చుక్క ఉండకూడదు.

దెబ్బతింటే ఎలా అంటారు. నిజమే, లారీ మారిన చోటల్లా దించి ఎక్కిస్తారు, అట్టపెట్టె ఆగదు. చెక్క ఫ్రేము కొట్టించాలి, గ్రైండరు రాయిని విడిగా కట్టాలి, రసీదులో సరుకు విలువ రాయించి బీమా సంగతి అడగాలి. ఆలస్యమంటారా, బీరువా వారం ఆగి వచ్చినా కొంప మునగదు. అయితే స్టేషన్లో దిగిన సామాను గడువులోగా విడిపించకపోతే అదనపు రుసుము పడుతుంది. అవతల మనిషి తోడు లేని పెద్దవాళ్లు మాత్రం డోర్ డెలివరీకే డబ్బు పెట్టాలి, అది దుబారా కాదు.